సత్రంలో చోటు లేని రాత్రి దాకా: ఆగమన కాలంలో పిల్లలకు క్రిస్మస్ కథ చెప్పుకునే పద్ధతి

మా చిన్నవాడికి ఐదేళ్లప్పుడు డిసెంబరు 20 నాటికే ఐదు సెమీ క్రిస్మస్‌లు, అంటే పండక్కి ముందే జరిపే క్రిస్మస్ వేడుకలు, అయిపోయాయి. మా చర్చిలో ఒకటి, సండే స్కూల్లో ఒకటి, బడిలో ఒకటి, వాళ్ల నాన్న ఆఫీసులో ఒకటి, మా ఆడబిడ్డ వాళ్ల సంఘంలో ఒకటి. ఎక్కడికెళ్లినా కేకు, ఎక్కడికెళ్లినా ఎర్ర టోపీ తాత, తొట్టిలో అప్పటికే పుట్టేసిన బాలయేసు. 24 రాత్రి ఆరాధనకు కొత్త చొక్కా తొడుగుతుంటే వాడు ఆవలిస్తూ అడిగాడు: "మళ్లీ క్రిస్మస్సా అమ్మా?"

చురుక్కుమంది. పదేళ్లుగా సండే స్కూల్లో పిల్లలకు కథలు చెబుతున్నదాన్ని నేను. నా కొడుక్కే ఆ కథ చద్దన్నం అయిపోయింది. తప్పు వాడిది కాదు. ముగింపు ముందే చెప్పేసిన కథను ఎవరు మాత్రం కళ్లు విప్పార్చుకుని వింటారు?

ఆ మరుసటి ఏడాది నుంచి మా ఇంట్లో పద్ధతి మార్చాం. ఇలా చేయడం తిరుపతిలో ఉండేవాళ్లకు మరీ తేలిక అనిపిస్తుంది నాకు. ఎదురుచూడటం అంటే ఏమిటో ఇక్కడి పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. బస్టాండులో, రైల్వే స్టేషన్లో సంచులు తల కింద పెట్టుకుని పడుకున్న కుటుంబాల్ని వాళ్లు రోజూ చూస్తారు. మా పక్కింటి పిల్లలు ధనుర్మాసం పెట్టగానే చీకటితో లేచి వాకిట్లో ముగ్గులేస్తారు. నెల పొడుగునా వేస్తేగానీ వాళ్ల సంక్రాంతి రాదు. మన పండక్కీ అలాంటి నెల ఒకటి ఉంది. దాన్నే ఆగమన కాలం అంటాం, ఇంగ్లీషులో అడ్వెంట్. మనమే దాన్ని కేకులతో నింపేశాం.

ముందు క్యాలెండరు

ఆగమన కాలం క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగో ఆదివారంతో మొదలవుతుంది. 25వ తేదీ నుంచి వెనక్కి నాలుగు ఆదివారాలు లెక్కపెట్టండి. అది ఎప్పుడూ నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్యే పడుతుంది. 2026లో నవంబరు 29, 2027లో నవంబరు 28, 2028లో డిసెంబరు 3. 2028లో నాలుగో ఆదివారం సరిగ్గా 24వ తేదీనే వస్తుంది, అంటే ఆ ఏడాది నాలుగో వారం ఒక్క రోజే.

మొదటి ఏడాది నేను ఇక్కడే బోల్తా పడ్డాను. కథను "నాలుగు వారాలు, వారానికి ఏడు రోజులు" అని పంచేసుకున్నా. చివరి వారం మధ్యలోనే పండగ వచ్చేసింది. యోసేపు, మరియ ఇంకా నజరేతు దాటలేదు! అందుకే ఇప్పుడు రెండు లెక్కలు విడివిడిగా పెట్టుకున్నాం. కొవ్వొత్తులు ఆదివారాల లెక్క. కథ మాత్రం తేదీల లెక్క, డిసెంబరు 1 నుంచి 24 దాకా రోజుకు ఒక ముక్క. ఈ రెండింటినీ కలపకండి.

ఇంకో మాట. కింద నేను చెప్పేవన్నీ ఒకే ఏడాది పెట్టుకుంటే అమ్మకు టెన్షన్, పిల్లలకు విసుగు. మొదటి ఏడాదికి కొవ్వొత్తులు, కథ, ఈ రెండూ చాలు. రోజుకు పది నిమిషాలు. వేళ మాత్రం మార్చొద్దు. మా ఇంట్లో రాత్రి కంచాల ముందు కూర్చోబోయే వేళ. ఆకలి మీద ఉంటారు కాబట్టి ఎవరూ సాగదీయరు, నాతో సహా.

కొవ్వొత్తుల పళ్లెం

దీని పుట్టుక పిల్లలకు చెప్పండి, వాళ్లకు నచ్చుతుంది. జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిక్ విఖర్న్ అనే పాస్టరు దిక్కులేని పిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపేవాడు. "క్రిస్మస్ ఇంకా ఎన్ని రోజులుంది?" అని వాళ్లు ఆయన ప్రాణం తీసేవారట. 1839లో ఆయన ఒక బండి చక్రం తెచ్చి, దాని మీద మామూలు రోజులకు చిన్న ఎర్ర కొవ్వొత్తులు, ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్లవి పెట్టి, రోజుకొకటి వెలిగించుకుంటూ వచ్చాడు. ఇక లెక్క వాళ్లే చూసుకున్నారు. తర్వాత్తర్వాత ఇళ్లలో అది నాలుగు కొవ్వొత్తులకు తగ్గింది. మన ప్రాంతానికీ జర్మనీకీ పాత చుట్టరికమే ఉంది. తిరుపతి కేంద్రంగా ఉన్న సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చికి మూలం హెర్మన్స్‌బర్గ్ మిషన్. వాళ్లు 1865లో ఈ వైపు పని మొదలుపెట్టారు.

మనకు బండి చక్రం అక్కర్లేదు. వెడల్పాటి స్టీలు పళ్లెమో ఇత్తడి తాంబాళమో తీసుకుని అడుగున రెండంగుళాల మందాన తడి ఇసుక పోయండి. ఇసుక కొవ్వొత్తిని కదలనివ్వదు, మంట పొరపాటున కిందపడ్డా ఆర్పేస్తుంది. చుట్టూ పచ్చదనం కావాలి. చాలామంది సరుగుడు కొమ్మలు వాడతారు, చూడ్డానికి బాగుంటాయి గానీ నాలుగు రోజులకే ఎండి గలగలలాడతాయి. నిప్పురవ్వ పడితే భగ్గుమంటాయి. నేను మామిడాకులు పెడతాను, వారానికొకసారి మారుస్తాను. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో మామిడాకుకు కరువా?

కొవ్వొత్తులు నాలుగు, కనీసం రెండంగుళాల లావువి కొనండి. సన్నవి వద్దు. మొదటి కొవ్వొత్తి నాలుగు వారాలూ వెలగాలి, రోజుకు పది నిమిషాలంటే దగ్గరదగ్గర నాలుగున్నర గంటలు. సంప్రదాయం ప్రకారం మూడు ఊదా రంగువి, మూడో ఆదివారానికి ఒక గులాబీ రంగుది. కొన్ని సంఘాల్లో ఊదాకు బదులు నీలం. ఊదా కొవ్వొత్తుల కోసం ఊరంతా తిరిగి కాళ్లు నొప్పులు పుట్టాక మా పాప ఒక ఉపాయం చెప్పింది: "తెల్లవే కొని గాజులు వేద్దాం." గాంధీ రోడ్డు వైపు వెళ్లి 2.4 సైజు మట్టిగాజులు ఊదావి మూడు జతలు, గులాబీవి ఒక జత తెచ్చాం. రెండంగుళాల కొవ్వొత్తికి అవి వదులుగా, నిండుగా సరిపోతాయి. మంటకు దూరంగా అడుగునే ఉంచండి. గాజులేసుకున్న కొవ్వొత్తులు పెళ్లికూతుళ్లలా ఉన్నాయని అత్తమ్మ నవ్వింది. దీపాలతో పెళ్లికొడుకు కోసం ఎదురుచూసిన పదిమంది కన్యకల ఉపమానం చెప్పడానికి అదే సందు.

మొదటి ఆదివారం ఒకటి, రెండో ఆదివారం రెండు, అలా పెంచుకుంటూ పోవాలి. వాటికి నిరీక్షణ, సమాధానం, సంతోషం, ప్రేమ అని పేర్లు చెబుతారు. ఒక్కో సంఘంలో ఈ వరస మారుతుంది, మీ పాస్టరుగారు లేదా ఫాదర్ చెప్పే వరసే పెట్టుకోండి. మూడోది మాత్రం సంతోషానిదే, అందుకే ఆ గులాబీ రంగు. పిల్లలకు ఈ పేర్లకంటే ఎత్తులే బాగా గుర్తుంటాయి. నాలుగో ఆదివారం నాటికి మొదటిది పొట్టిగా, చివరిది పొడుగ్గా మెట్లలా కనిపిస్తాయి. ఎంత కాలం ఆగామో కళ్ల ముందే ఉంటుంది. మధ్యలో తెల్ల కొవ్వొత్తి ఒకటి పెట్టి 24 రాత్రి దాకా ముట్టకుండా ఉంచండి. వాయుగుండం పట్టి కరెంటు పోయిన రాత్రి "అదీ వెలిగిద్దాం" అంటారు. ఒప్పుకోవద్దు.

వెలిగించే పని పెద్దవాళ్లది, ఆర్పే పని పిల్లలది. దీపం నోటితో ఊదకూడదని మా అత్తమ్మ పట్టింపు. అందుకే చిన్న గరిటె బోర్లించి ఆర్పిస్తాం.

కథను ఇరవై నాలుగు ముక్కలు చేయడం

అసలు పని ఇదే. సువార్తలు రాసిన మత్తయి, లూకా ఇద్దరూ చెప్పినదాన్ని కలిపేసి ఒక్క రాత్రిలో నాటకం వేయడం మనకు అలవాటు. విడదీస్తే ఎంత కథ ఉందో తెలుస్తుంది. మేం వాడే వరస ఇది:

1 నుంచి 6: పాత నిబంధన. అబ్రాహాముకు చూపిన నక్షత్రాలు (ఆది 15:5), బేత్లెహేము పొలంలో పరిగె ఏరుకున్న రూతు (రూతు 2), అదే ఊళ్లో గొర్రెలు కాసే కడగొట్టువాడు దావీదు (1 సమూయేలు 16), చీకట్లో వెలుగు (యెషయా 9), దావీదు తండ్రి యెష్షయి మొద్దు నుంచి చిగురు (యెషయా 11), చిన్న ఊరు బేత్లెహేముకు ఇచ్చిన మాట (మీకా 5:2).
7 నుంచి 9: జెకర్యా, ఎలీసబెతు (లూకా 1:5-25).
10 నుంచి 12: నజరేతులో గబ్రియేలు, మరియ (లూకా 1:26-38).
13 నుంచి 15: మరియ కొండసీమకు ప్రయాణం, మరియ పాట, యోహాను పుట్టుక (లూకా 1:39-80).
16 నుంచి 18: యోసేపు కల (మత్తయి 1:18-25).
19 నుంచి 22: జనసంఖ్య, ప్రయాణం, చోటు లేకపోవడం (లూకా 2:1-7).
23: మందకు కావలి కాస్తున్న కాపరులు. అక్కడ ఆపేయాలి.
24 రాత్రి: పుట్టుక, దూతలు.

కేథలిక్కులైతే మరియమ్మ, జోజప్ప, ఎలిజబెతమ్మ అని మీ ఇంటి పేర్లతోనే చెప్పండి. పిల్లలకు గుళ్లో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు అనిపించకూడదు.

మొదటి రోజు మేడ మీదికి తీసుకెళ్లి నక్షత్రాలు లెక్కపెట్టమనండి. డిసెంబరు మొదట్లో మనకు ఈశాన్య రుతుపవనాల మబ్బు, పైగా ఊరి లైట్లు. మా వాడు పదకొండు లెక్కపెట్టి "అబ్రాహాముకు పదకొండు మందేనా?" అన్నాడు. ఎండాకాలం సెలవుల్లో పలమనేరు వైపు అవ్వ వాళ్ల ఊళ్లో చూసిన ఆకాశం గుర్తు చేస్తే సరిపోయింది.

రూతు కథను దాటేయొద్దు. క్రిస్మస్ అనగానే ఎవరికీ గుర్తురాని పేరు. కానీ ఆమె దావీదుకు ముత్తవ్వ, పరాయి దేశం నుంచి వచ్చిన వితంతువు, కూలి జనం వెనకాల కంకులు ఏరుకుని అత్తను పోషించింది. చెనక్కాయలు పీకాక చేలో మిగిలినవి ఏరుకునే ఆడవాళ్లను చూసిన పిల్లలకు వివరించే పనే లేదు. బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు అని అర్థం, ఆ మాటా ఇక్కడే చెప్పేయొచ్చు.

ఇక జెకర్యా. మా ఇంట్లో అందరికీ ఇష్టమైన ఘట్టం. ముసలితనంలో కొడుకు పుడతాడన్న దూత మాట నమ్మనందుకు ఆయన మూగవాడవుతాడు, కొడుకు పుట్టి పేరు పెట్టేదాకా నోరు పెగలదు. 8వ తేదీ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన మాట్లాడడు. పలక మీద రాస్తాడు, లేదా సైగలు చేస్తాడు. పోయిన ఏడాది చారు కావాలని చేత్తో గుండ్రంగా తిప్పి చూపించాడు. పాప లేచి ఫ్యాను వేసింది. చిన్నవాడు "నాన్నకు మిక్సీ కావాలంట" అన్నాడు. చివరికి పలక మీద "చారు" అని రాసేసరికి అన్నం చల్లారిపోయింది.

ఆ పలకను తుడిచి వంటింటి గోడకు మేకుకు తగిలిస్తాం, ఖాళీగా. రోజులు గడుస్తాయి, కథ మరియ దగ్గరికి వెళ్లిపోతుంది. మధ్యలో పిల్లలు దాని వంక చూసి అడుగుతారు: "తాత ఇంకా మాట్లాడలేదా?" లేదు. మళ్లీ అడుగుతారు. ఇంకా లేదు. 15వ తేదీ దాన్ని కిందికి దించి "వాని పేరు యోహాను" అని రాసే పని ఎవరిదో చీటీ వేసి తేల్చాలి. రాయడం అయిన వెంటనే మా ఆయన గట్టిగా పాట ఎత్తుకుంటాడు. జెకర్యా నోరు తెరవగానే చేసింది దేవుణ్ని స్తుతించడమే కాబట్టి లెక్క సరిపోయింది, శ్రుతి సంగతి వేరు.

యోసేపు దగ్గర పెద్ద పిల్లలు ఒక ప్రశ్న తప్పకుండా వేస్తారు: ఎందుకు వదిలేద్దామనుకున్నాడు? తడబడొద్దు. "పెళ్లి నిశ్చయమైంది, ఇంకా కాపురానికి రాలేదు, ఇంతలో ఆమె నెల తప్పిందని తెలిసింది. ఆమెను నలుగురిలో పరువు తీయకుండా తప్పుకుందామనుకున్నాడు" అని చెబితే పదేళ్ల పిల్లకు చక్కగా అర్థమవుతుంది. ఇంకొకటి చూపించండి. సువార్తల్లో యోసేపు నోటి నుంచి వచ్చిన మాట ఒక్కటీ రాసి లేదు. వెతకమనండి. మా పాప రెండు రోజులు వెతికి ఓడిపోయింది. "మరి డ్రామాలో యోసేపుకు అన్ని డైలాగులు ఎందుకు?" అంది. ఆ డ్రామా రాసింది నేనే.

డైలాగుల మాట వచ్చింది కాబట్టి, బైబిల్లో లేనివాటిని ఏరివేసే ఆట ఒకటి పెట్టండి. గాడిద ఉందా? లూకాలో లేదు. సత్రం యజమాని? లేడు. నక్షత్రం చూసి వచ్చిన జ్ఞానులు ముగ్గురా? మత్తయి సంఖ్య చెప్పలేదు, కానుకలే మూడు. వాళ్లు తొట్టి దగ్గరికి వచ్చారా? మత్తయి 2:11లో ఇంట్లోకి వచ్చారని ఉంది. అలాగని గాడిదను ఇంట్లోంచి తరిమేయమని కాదు. మా దగ్గరా ఉంది. ఏది వాక్యమో ఏది మన అలంకారమో పిల్లలకు తెలిస్తే రేపు ఎవరైనా నిలదీసినప్పుడు తెల్లమొహం వేయరు.

19 నుంచి 22 వరకు నాలుగు రోజులు నింపాదిగా చెప్పండి. నజరేతు నుంచి బేత్లెహేముకు నడక దారి దాదాపు తిరుపతి నుంచి చెన్నైకి ఉన్నంత దూరం. తమిళనాడు నుంచి పసుపు బట్టలతో, బొబ్బలెక్కిన కాళ్లతో కొండకు నడిచొచ్చే యాత్రికుల్ని మన పిల్లలు రోడ్డు మీద చూసే ఉంటారు. అలా, నిండు నెలలతో. ఎందుకు వెళ్లాలి? ప్రభుత్వం వాళ్ల పేర్లు సొంత ఊళ్లో రాయించుకోమంది. "ఆధార్ సెంటర్‌కు వెళ్లినట్టా?" అంటాడు మా వాడు. కాస్త అలాంటిదే.

22వ తేదీ, సత్రంలో చోటు లేకపోవడం. తెలుగు బైబిల్లో ఆ మాట సత్రమనే ఉంది. తిరుపతిలో సత్రం అంటే తెలియని పిల్లవాడు ఉండడు. సెలవుల్లో, వైకుంఠ ఏకాదశికి, కొత్త సంవత్సరానికి ఊళ్లో గది దొరకదు. లాడ్జి కౌంటర్ దగ్గర "ఖాళీ లేదు" అనిపించుకుని, పసిబిడ్డను భుజాన వేసుకుని వెనక్కి తిరిగిన తల్లిని చూపించడానికి నేను బొమ్మల పుస్తకం తెరవను. ఆ రోజు సాయంత్రం పిల్లల్ని స్టేషన్ వైపు నడిపించుకుని వెళ్తాను. ఒక ఫ్లాస్కులో పాలు, ఒక సంచిలో అరటిపండ్లు. పసిపిల్లలున్న కుటుంబం కనిపిస్తే అడిగి ఇస్తాం. ఎందుకిస్తున్నామో ఉపన్యాసం ఇవ్వం. వాళ్లు వెంకన్న భక్తులు, మనం క్రీస్తు విశ్వాసులం, బిడ్డకు కావాల్సింది పాలు. ఒకావిడ మా పాప చేతిలో లడ్డూ ముక్క పెట్టింది. ఇచ్చి పుచ్చుకోవడం అక్కడే అయిపోయింది.

పెద్ద పిల్లలకు ఇంకొంచెం లోతుగా చెప్పొచ్చు. లూకా ఇక్కడ వాడిన గ్రీకు మాట కతలుమ. అదే మాట లూకా 22:11లో చివరి భోజనం జరిగిన గదికీ వాడాడు. అక్కడ తెలుగులో విడిది గది అన్నారు. మంచి సమరయుడు గాయపడ్డవాణ్ని తీసుకెళ్లిన పూటకూళ్ల ఇంటికి మాత్రం లూకా వేరే మాట వాడాడు. కాబట్టి అది చుట్టాల ఇంట్లో నిండిపోయిన విడిది గది అయి ఉండొచ్చని చాలామంది పండితులు అంటారు. పండక్కి చుట్టాలంతా దిగిన ఇంట్లో బాలింతకు కొట్టంలో చోటు చూపించడం మన పల్లెల్లో ఊహకందని విషయమేమీ కాదు.

కథ గుడ్డ

రెండో ఏడాదికి ఇది చేర్చండి. చాక్లెట్ల క్యాలెండర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి గానీ నాకు నచ్చవు. కథ గుర్తుండదు, చాక్లెట్టే గుర్తుంటుంది. మనకు పక్కనే శ్రీకాళహస్తి ఉంది. కలంకారీ వాళ్లు గుడ్డను గళ్లుగా విడగొట్టి ఒక్కో గడిలో ఒక్కో ఘట్టం రాస్తారు. బొమ్మ వేయడాన్ని రాయడం అనే అంటారు. అదే పద్ధతి.

మీటరు తెల్ల నూలు గుడ్డ తీసుకోండి. చిక్కటి గంజి పెట్టి ఆరేసి ఇస్త్రీ చేయండి. గంజి లేకపోతే స్కెచ్ పెన్ను రంగు పాకి దేవదూత మొహం దోసకాయ అవుతుంది, అనుభవంతో చెబుతున్నా. అసలు కలంకారీలో ఈ పాకుడు ఆపడానికే గుడ్డను కరక్కాయ, గేదె పాలలో నానబెడతారు. తుప్పు ఇనుమును బెల్లంతో పులియబెట్టి తీసిన నీళ్లు దాని మీద పడితే నల్లగా తిరుగుతాయి. ఓపికుంటే కరక్కాయ ప్రయోగం చేయండి, పిల్లలకు సైన్సు కూడా అవుతుంది. ఇంట్లో వాసనకు మాత్రం నాది పూచీ కాదు.

గుడ్డ మీద ఆరంగుళాల గళ్లు అడ్డం ఆరు, నిలువు నాలుగు గీయండి. రెండు పక్కలా అంగుళంన్నర, పైనా కిందా ఇంకాస్త ఎక్కువ అంచు మిగులుతుంది, అందులో మామిడి పిందెలో తీగలో వేయించవచ్చు. రోజూ కథ అయ్యాక ఆ రోజు గడి నింపాలి. ఇద్దరు పిల్లలుంటే రోజు విడిచి రోజు. బాగా గీయమని సతాయించొద్దు, చెరిపి మళ్లీ గీయనివ్వొద్దు. రోజులు తప్పిపోతాయి, జ్వరాలు వస్తాయి, పరీక్షలుంటాయి. తప్పిన గడులు ఆదివారం మధ్యాహ్నం కలిపి కూర్చుని నింపేయండి, అంతే. 24వ గడి ఖాళీగా ఉండాలి.

పశువుల కొట్టం

1223లో ఇటలీలోని గ్రేచ్చో అనే ఊళ్లో ఫ్రాన్సిస్ పునీతుడు నిజమైన ఎద్దును, గాడిదను, గడ్డి వేసిన తొట్టిని పెట్టి క్రిస్మస్ రాత్రి జనానికి కళ్లకు కట్టించాడు. క్రిబ్బు, అంటే కొట్టం బొమ్మలు పేర్చే ఆచారం అలా ప్రాకింది. మనం ప్లాస్టిక్ సెట్టు కొని ఒకటో తేదీనే అన్నీ పేర్చేస్తాం. నేను చెప్పేది ఒకటే: పేర్చొద్దు, నడిపించండి.

బొమ్మలు మట్టితో పిల్లలే చేస్తే మేలు. పలమనేరు కుమ్మరుల దగ్గర బంకమట్టి అడిగి తెచ్చుకుంటాం. చెక్కవి కావాలంటే ఏర్పేడు దగ్గర మాధవమాల ఉంది. మా వాడు చేసిన ఆవు బొమ్మ గొర్రె కంటే పొట్టిగా వచ్చింది. అక్క ఎగతాళి చేస్తే "ఇది పుంగనూరు ఆవు" అన్నాడు. ఇక ఎవరూ మాట్లాడలేదు.

ఒకటో తేదీ కొట్టం ఖాళీ. ఆవు, వరిగడ్డి, అంతే. మరియ, యోసేపు 19వ తేదీ వంటింటి కిటికీ దగ్గర బయలుదేరి అల్మారా, టీవీ బల్ల, చెప్పుల స్టాండు మీదుగా రోజుకింత నడుస్తారు. గొర్రెల కాపరులు కుండీల మధ్య ఉంటారు. రాత్రిపూట చేలో మంద ఆపి, కంబళి కప్పుకుని, కుక్కను పక్కన పెట్టుకుని కావలి పడుకునే కాపరుల్ని మీ పల్లెలో చూపించగలిగితే 23వ తేదీ కథ చెప్పినట్టే. జ్ఞానులు మేడమెట్ల దగ్గర ఉంటారు. వాళ్లకు తొందర లేదు.

తొట్టిలో గడ్డి గురించి ఒక హెచ్చరిక. మంచి పని చేసిన ప్రతిసారీ ఒక గడ్డిపోచ వేయాలనే ఆచారం చాలా చోట్ల ఉంది. మా ఇంట్లో అది వారంలో పందెం అయిపోయింది. "నేను పద్నాలుగు వేశా, నువ్వు తొమ్మిదే" అని కొట్టుకున్నారు. తిరగేశాం. ఇప్పుడు నీకు ఎవరైనా మేలు చేస్తే నువ్వు వాళ్ల పేరు చెప్పకుండా పోచ వేయాలి. గొడవ ఆగింది. గడ్డి మాత్రం తక్కువే పడుతోంది.

బాలయేసు బొమ్మను ముందే దాచేయాలి. ఎక్కడ దాచారో రాసుకోండి. నేను బియ్యం డబ్బాలో దాచి మర్చిపోయి, 24 రాత్రి పదకొండుకు ఇల్లంతా వెతికాను. సంక్రాంతికి దొరికాడు. ఆ ఏడాది తొట్టిలో ఒక తెల్ల రుమాలు మడిచి పడుకోబెట్టాం.

సెమీ క్రిస్మస్‌లు, స్టారు, తాత

సెమీ క్రిస్మస్‌లు మానేయమంటే కుదరదు, మనుషులు నొచ్చుకుంటారు. వెళ్తాం, పాడతాం, తింటాం. ఇంటికొచ్చాక "అది వాళ్ల పండగ, మన ఇంట్లో ఇంకా జెకర్యా దగ్గరే ఉన్నాం" అంటాను. పిల్లలకు ఇది తికమకగా ఉంటుందనుకున్నా, లేదు. ఎవరి టీవీలో వాళ్ల సీరియల్ అన్నట్టు తీసుకున్నారు. మేడ మీద స్టారు ఒకటో తేదీనే కడతాం, ఎవరెన్ని చెప్పినా స్టారు కట్టకుండా పిల్లలు ఊరుకోరు. ఎర్ర టోపీ తాత గురించి డిసెంబరు 6న, నికొలాసు పునీతుడి పండగ రోజు, మూర పట్టణపు బిషప్‌గా చెప్పేస్తాం. రెండు చాక్లెట్లు ఇస్తాం. ఆయన పని అయిపోతుంది. క్యారల్స్ రౌండ్స్‌కు పిల్లల్ని తప్పక పంపండి, స్వెట్టరు వేసి.

పక్కింటి పిల్లలు కథ వేళకు వస్తే రానివ్వండి. వాళ్లమ్మకు ముందు ఒక మాట చెప్పండి. మా పక్కింటి పాప పలక ఘట్టానికి ప్రతి ఏడాదీ వస్తుంది. పదహారు, పదిహేడు నుంచి మా పిల్లలు వాళ్ల ముగ్గుకు రంగులు వేయడానికి వెళ్తారు.

ఇరవై నాలుగు రాత్రి, ఆ తర్వాత

ఆరాధన నుంచి వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది, నిద్రమత్తు. అయినా ఐదు నిమిషాలు. లైట్లు ఆర్పి నాలుగు కొవ్వొత్తులు, ఆ తర్వాత మధ్య తెల్లది. ఇంట్లో చిన్నవాడు బొమ్మను తొట్టిలో పెడతాడు. లూకా 2 చదివేది మా ఇంట్లో అత్తమ్మ, ఆవిడకు ఆ అధ్యాయం చూడకుండా వచ్చు. 24వ గడి పొద్దున లేచాక నింపుకోవచ్చు. మురుకులు, కజ్జికాయలు ఆ రాత్రి దాకా ఎవరినీ ముట్టనివ్వను. ఈ ఒక్క విషయంలో మా ఆయన్ని నమ్మలేం.

26తో అయిపోయిందని సర్దేయకండి. జ్ఞానులు ఇంకా మెట్ల మీదే ఉన్నారు. రోజుకొక మెట్టు దించుతూ జనవరి 6కు ఇంట్లోకి తీసుకురావాలి. ఆ రోజుల్లో మత్తయి 2 చెప్పండి, హేరోదు సంగతి, ఐగుప్తుకు పారిపోవడం కూడా. చిన్నపిల్లలకు పసిపిల్లల్ని చంపిన ఘట్టం వద్దు, "రాజు చంపాలని చూశాడు, రాత్రికి రాత్రే పారిపోయారు" అంటే చాలు.

6 రాత్రి బొమ్మలు పాత దినపత్రికలో చుట్టి పెట్టెలో పెడతాం. గుడ్డ వెనక ఏడాది, పిల్లల వయసులు రాసి, వేపాకు వేసి మడుస్తాం. మిగిలిన కొవ్వొత్తి ముక్కలు వంటింటి సొరుగులోకి, కరెంటు పోయినప్పటికి. గాజులు పాప తీసుకుని తన చేతికి వేసుకుంటుంది, నవంబరు దాకా. పోయినసారి మూడు పగిలాయి, కొత్తవి తేవాలి. బాలయేసు ఈసారి నా బీరువా లాకర్లో ఉన్నాడు, రాసిపెట్టుకున్నా.